మా ఆయన బండికి సైలెన్సరు

మా ఆయన మోటారుసైకిలు సైలెన్సరు రేణిగుంట రైలు గేటు దగ్గర ఊడి పట్టాల మీద పడినప్పుడు నేను వెనక కూర్చునే ఉన్నాను. గేటు అప్పుడే తీశారు. రెండు వైపుల నుంచీ బస్సులూ లారీలూ ఎద్దుల బండ్లూ ఒకేసారి కదిలాయి. మా బండి కింద ఏదో తెగినట్టయింది. ఆ వెంటనే చెవులు దిమ్మెక్కేటట్టు ఒకటే మోత. వెనక్కి తిరిగి చూస్తే చెయ్యి పొడుగు ఇనప గొట్టం పట్టాల మధ్య దొర్లుతూ ఉంది. దిగి తీయబోయాను.

"ముట్టొద్దు, కాలతాది" అన్నాడు ఆయన.

గేటు మనిషి కర్రతో దాన్ని పక్కకు నెట్టి, "ముందు బండి తీయండి సారూ, ఇంకో రైలు వచ్చేది ఉండాది" అన్నాడు.

బండిని టీ అంగడి దాకా తోసుకుపోయాం. అక్కడ టీ తాగుతున్న నలుగురూ లేచి వచ్చారు. ఒకాయన వెల్డింగు పెట్టించమన్నాడు. ఒకాయన వెల్డింగు నిలవదు, కొత్తది వేయించమన్నాడు. మూడో ఆయన, సైలెన్సరు లేకుండా నడిపితేనే బండి బాగా లాగుతుందన్నాడు. నాలుగో ఆయన ఏమీ చెప్పకుండా గొట్టం లోపలికి తొంగి చూసి, తలాడించి వెళ్ళి కూర్చున్నాడు. మా ఆయన ముగ్గురి మాటా శ్రద్ధగా విన్నాడు. నాలుగో ఆయన దగ్గరికి వెళ్ళి, ఎందుకు తలాడించారని అడిగాడు కూడా. ఈ పని తొందరగా తెమిలేది కాదని నాకు ఆ పొద్దే అర్థం కావలసింది.

ఆయన పశువుల డాక్టరు. తిరుపతిలో మా కాపురం. శ్రీకాళహస్తి రోడ్డులో రేణిగుంట దాటినాక ఒక పల్లెలో ఆయన ఆసుపత్రి. అదే దారిలో, దానికి కొంచెం ఇవతల నా బడి. పొద్దున నన్ను బడి దగ్గర దించి ఆయన ఆసుపత్రికి పోయేవాడు. మధ్యాహ్నం నుంచి చుట్టుపక్కల పల్లెలు తిరిగి, సాయంత్రం బడి గేటు దగ్గరికి వచ్చి నన్ను ఎక్కించుకునేవాడు. అప్పుడు ఎనభయ్యో దశకం మొదలు. జెర్సీ ఆవులు కొత్తగా ఇంటింటికీ వస్తున్న రోజులు. నాటు ఆవు చెట్టు కింద తనంతట తాను ఈనేస్తుంది. జెర్సీ ఆవుకు అన్నీ కష్టాలే, డాక్టరు రావాలి. అందుకని ఆయనకు తిరుగుడు ఎక్కువ.

ఆ బండి మా పెళ్ళయిన ఏడాదే కొన్నాడు. మిలిటరీ నుంచి వచ్చేసిన ఒకాయన దగ్గర కొన్న పాత బండి. ఎత్తు హ్యాండిలు, పరుపు లాంటి సీటు, గుర్రం మీద కూర్చున్నట్టు నడుం నిటారుగా పెట్టి కూర్చునే పెద్ద బండి. నిదానంగా పోతుంది. ఎంత దూరం పోయినా ఒళ్ళు నొయ్యదు. ఎనిమిదేళ్ళు దాని మీదే తిరిగాం. దాని గురించి నాకు తెలిసిందల్లా ఎక్కడ చీర పట్టుకోవాలో, గుంట వచ్చినప్పుడు ఎక్కడ చెయ్యి వేయాలో, అంతే. మిగతాది ఆయన సంగతి అనుకునేదాన్ని.

తిరుపతిలో బస్టాండు వెనక సందులో ఒక మెకానిక్కు ఉండేవాడు. మేస్త్రీ అనేవాళ్ళం. మాటకారి. చేతిలో స్పానరు ఉన్నంతసేపూ మాట ఆపడు. స్పానరు కింద పెడితే బీడీ. మేం గోనెసంచిలో చుట్టి తెచ్చిన సైలెన్సరును నేలకు కొట్టాడు. లోపల నుంచి గుప్పెడు తుప్పు రాలింది.

"దీని పని అయిపోయింది సార్. లోపలి జల్లెడ అంతా తినేసింది. ఈ మాదిరివి ఇప్పుడు రావడం లేదు. ఇప్పుడొచ్చేవాటికి లోపల వేరే అమరిక. మీరు ఏదో ఒకటి ఎంచుకోవాల."

"ఏవేవి ఉన్నాయి?" అన్నాడు ఆయన.

మేస్త్రీ మూడు రకాలు చెప్పాడు. సద్దు చేయనిది ఒకటి. సద్దు చేసేది ఒకటి. తను రేణిగుంటలో చేయించి ఇచ్చేది ఒకటి. పావుగంటలో అయిపోవలసిన పని. ఆయన "ఆలోచిస్తాను" అన్నాడు. మేస్త్రీ పాత సైలెన్సరునే రేకు చుట్టి, తీగతో కట్టి పంపాడు.

తర్వాత నెల రోజులు మా ఇంట్లో ఇంకో మాట లేదు. ఆసుపత్రిలో కాంపౌండరును అడిగాడు. పాలకేంద్రం మేనేజరును అడిగాడు. మా ఇంటి యజమానిని అడిగాడు, ఆ మనిషికి సైకిలు కూడా తొక్కడం రాదు. కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చిన దూరపు చుట్టాన్ని కూర్చోబెట్టి, వంటింటి గడప దగ్గర సుద్దముక్కతో మూడు గొట్టాలు గీసి, ఏది మేలో చెప్పమన్నాడు. పాపం ఆయన పెళ్ళిపత్రిక చేతిలో పట్టుకొని, "నీకేది నచ్చితే అది నాయనా" అన్నాడు. ఆ బొమ్మలు తుడవడానికి నాకు రెండు రోజులు పట్టింది. తుడిచిన సాయంత్రమే మళ్ళీ గీశాడు.

"ఏదో ఒకటి కొనండి" అన్నాను.

"ఏదో ఒకటి కొనేదానికి ఇది చీపురుకట్టా? కొంటే ఇంకో పదేళ్ళు ఉండాల."

"ఈ లోపల నా చెవులు ఉండొద్దా?"

తీగతో కట్టిన ఆ సైలెన్సరు తిరుచానూరు రోడ్డు మొదట్లోనే వదులయ్యేది. వెనక కూర్చున్న నేను వంగి, ఒక కర్రముక్కతో దాన్ని లోపలికి నొక్కి పట్టుకుని బడి దాకా పోయేదాన్ని. పిల్లలు గేటు దగ్గర నిలబడి చూసేవాళ్ళు.

చివరికి చిత్తూరులో పెద్ద ఆసుపత్రికి మీటింగుకు పోయినప్పుడు ఎవరో సాటి డాక్టరు చెప్పాడని, సద్దు చేయనిది కొనుక్కొచ్చాడు. లావుగా, పొట్టిగా, గుమ్మడికాయను సాగదీసినట్టు ఉంది. మేస్త్రీ బిగించాడు. నిజంగానే సద్దు లేదు. మేం మాట్లాడుకుంటూ పోయాం, ఎనిమిదేళ్ళలో మొదటిసారి. నాకు హాయిగా ఉంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం రొప్పుతోందని ఆయన అన్నాడు గానీ, నేను పట్టించుకోలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక సోమవారం సాయంత్రం ఆయన నన్ను ఎక్కించుకోవడానికి వచ్చి, బండి దిగకుండా అట్లాగే కూర్చున్నాడు. ముఖం వాడిపోయి ఉంది. ఏమైందని అడిగితే ఇంటికి పోయినాక చెప్పాడు.

ఆ పల్లెల్లో ఒకదాంట్లో ఒక ముసలవ్వ ఉండేది. ఒంటరి మనిషి, ఒక్కటే జెర్సీ ఆవు. సోమవారం ఆయన ఆ దారిన పోతాడని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎవరూ రోడ్డు మీదికి వచ్చి కాచుకోరు. దూరంగా బండి సద్దు వినపడగానే ఎవరికి అవసరమైతే వాళ్ళు బయటికొచ్చి చెయ్యెత్తుతారు. ఆ పొద్దు అవ్వ ఆవు ఈనలేక పడిపోయింది. దాన్ని వదిలి రాలేక, సద్దు వింటే పరిగెత్తొచ్చని అవ్వ కొట్టంలోనే కూర్చుంది. ఈయన గుమ్మడికాయ బండి మీద సద్దు లేకుండా ఆ ఇంటి ముందు నుంచే పోయాడు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఎవరో ఆపి చెప్పారు. ఆవు దక్కింది. దూడ దక్కలేదు.

"అవ్వ ఏమంది?" అన్నాను.

"ఏమీ అన్లా. 'నీ సద్దు రాలా సామీ. చెవులు ఇటే పెట్టుకోని ఉండా' అనింది. అంతే."

ఆ రాత్రి ఆయన అన్నం సగంలో లేచాడు. పొద్దున ఒక మాట మాత్రం చెప్పి చూశాను.

"హారను కొట్టుకుంటా పోకూడదా?"

"హారను ఐసుబండి వాడికీ ఉండాది, బస్సుకీ ఉండాది. హారను వింటే ఎవరొస్తారు?"

ఆ మాట నిజమే. ఆ పొద్దే మేస్త్రీ దగ్గరికి పోయి గుమ్మడికాయను విప్పించేశాడు. అక్కడితో నా జాలి కూడా అయిపోయింది. ఎందుకంటే దాని స్థానంలో ఆయన వేయించింది రెండో రకం.

అది సైలెన్సరు కాదు, పేరుకు సైలెన్సరు. లోపల ఏమీ లేని నిటారు గొట్టం. మేస్త్రీ దాన్ని మెచ్చుకుంటూ, "సార్, దీంతో మీరు రేణిగుంటలో ఉంటే కాళహస్తిలో తెలస్తాది" అన్నాడు. ఆయన తృప్తిగా నవ్వాడు. అవ్వకు వినపడాలన్నది ఒక్కటే ఆయన మనసులో ఉంది. మిగతా జిల్లాకు కూడా వినపడుతుందని ఆలోచించలేదు.

మా వీధిలో ఆ బండి తీస్తే పక్కింటివాళ్ళ అటక మీద గిన్నెలు కదిలేవి. ఇంటి యజమాని భార్య నాతో మాట్లాడటం మానేసింది. పల్లెల్లో సంగతి ఇంకా అన్యాయం. ఆవులకు సూది వేసే మనిషి వస్తున్నాడని మైలు దూరం నుంచే తెలిసిపోయేది, మనుషులకు కాదు, ఆవులకు. పలుపులు తెంచుకొని పోయేవి. ఒక ఊళ్ళో ఆయన దిగేసరికి చూపించవలసిన ఎనుము చెరుకుతోటలో ఉంది. దాన్ని వెతకడానికి ఆయనా, యజమానీ, ఇంకో ముగ్గురూ తోటలో సాయంత్రం దాకా తిరిగారు. నేను బడి గేటు దగ్గర చీకటి పడేదాకా నిలబడ్డాను.

మా హెడ్మాస్టరు నెమ్మదైన మనిషి. క్రైస్తవుడు, పల్లెలో అందరికీ ఆయనంటే గౌరవం. ఒక రోజు నన్ను పిలిచాడు.

"అమ్మా, చెప్పకూడదు గానీ చెప్తా ఉండా. మీ సారు బండి వచ్చినప్పుడు మూడో తరగతి పిల్లోళ్ళు ఎక్కం ఏడో మెట్టు కాడ ఆపేస్తా ఉండారు. పోయినాక మళ్ళీ మొదట్నించీ. ఈ నెలలో ఏడు దాటి పోలా."

"నేను చెప్తాను సార్."

"కోపం తెచ్చుకోవద్దని చెప్పండి. పసరాలకు మంచి చేసే మనిషి."

ఆయనకు కోపం రాలేదు. ఆయనకు కోపం వస్తే ఎంత బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది. కోపం వచ్చిన మనిషి ఏదో ఒకటి తేలుస్తాడు. ఈయన మళ్ళీ సుద్దముక్క తీశాడు.

ఈసారి మేస్త్రీ తెలివి పనిచేసింది. సద్దు ఎక్కువైంది కాబట్టి దాన్ని రెండుగా పంచితే సరి అన్నాడు. ఇంజనులోంచి వచ్చే గొట్టాన్ని ముందే చీల్చి, కుడివైపు ఒక సైలెన్సరు, ఎడమవైపు ఒక సైలెన్సరు. రేణిగుంటలో తనకు తెలిసిన వెల్డరు చేస్తాడట. చూడటానికి కూడా పెద్ద ఆఫీసరు బండి మాదిరి ఉంటుందట. నేను అక్కడే ఉన్నాను. నాకు బండ్ల సంగతి తెలియదు గానీ అడిగాను.

"ఎడమవైపు నేను కాళ్ళు పెట్టుకోవాలి కదప్పా?"

మేస్త్రీ నావైపు చూడను కూడా చూడలేదు. "అదంతా అడ్డం రేకు పెడతాం సార్" అని మా ఆయనకు చెప్పాడు. అడిగింది నేను, జవాబు ఆయనకు. ఆయన తలూపాడు.

రేకు పెట్టాడు. నాలుగు రోజులు ఉంది. అయిదో రోజు రేణిగుంట అవతల గుంటలో పడి ఎక్కడో ఊడిపోయింది. ఆ సంగతి మాకు తెలియదు. నేను వెంకటగిరి చీర కట్టుకుని ఉన్నాను, ఆ పొద్దు బడికి ఇన్స్పెక్టరు వస్తాడని. ఏదో కాలుతున్న వాసన వస్తే పక్కన చెత్త తగలబెడుతున్నారేమో అనుకున్నాను. కాలికి చురుక్కుమన్నప్పుడు కిందికి చూస్తే అంచు పొగలు కక్కుతూ గొట్టానికి అతుక్కుని ఉంది.

ఆయన బండి ఆపి, నీళ్ళ సీసా తీసి నా కాలి మీద పోశాడు. చీలమండకు పైన నాలుగు వేళ్ళ మేర చర్మం లేచిపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

"నొస్తాండాదా?" అన్నాడు.

కాలిన అంచు చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి, కాళహస్తి నుంచి వచ్చే బస్సుకు చెయ్యెత్తాను. బస్సు ఆగింది. ఎక్కి ఇంటికి వచ్చేశాను. ఆయన బస్సు వెనకే వచ్చాడు, ఆ రెండు గొట్టాలతో మోత పెట్టుకుంటూ. బస్సులో అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేను ముందుకే చూశాను.

ఇంట్లో వెన్న రాసుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మేస్త్రీతో మాట్లాడినా. రేకు ఈసారి బోల్టు పెట్టి..."

"ఆ మాట ఇంక నా ముందర ఎత్తితే నేను నగరికి పోతా."

నగరి నా పుట్టిల్లు. ఆయన మెల్లగా, "అయితే నువ్వే చెప్పు మే, ఏది తీసుకుందాం?" అన్నాడు. నాలుగు నెలల్లో ప్రపంచంలో అందరినీ అడిగి, చివరికి నన్నడిగాడు.

"చెప్పను. నేనే పోయి తెస్తాను."

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు.

కాలు ఆనించి నడవడానికి పది రోజులు పట్టింది. తర్వాత ఒక రోజు సెలవు పెట్టి మద్రాసు బస్సు ఎక్కాను. పాత సైలెన్సరును గోనెసంచిలో చుట్టి, తాడు కట్టి, నా సీటు పక్కన నిలబెట్టుకున్నాను. కండక్టరు దానికి లగేజీ టిక్కెట్టు కొట్టాడు. నగరిలో ఎక్కిన ఒక నేతాయన నా పక్కన కూర్చుని చాలాసేపు దాన్ని చూసి, "మరమగ్గానిదాక్కా?" అని అడిగాడు. మగ్గానిది కాదు, మోటారుసైకిలుది అంటే నమ్మలేదు. మా నాయన పేరు చెప్పి, ఆయన కూతుర్నని చెప్పినాక కొంచెం నమ్మాడు.

ఆయన దిగిపోయినాక మా నాయన గుర్తుకొచ్చాడు. ఇంట్లో రెండు మరమగ్గాలు ఉండేవి. నాయన వసారాలో పడుకుని కళ్ళు మూసుకునే, "పోగు తెగింది పో, రెండో దాంట్లో" అనేవాడు. మేం పోయి చూస్తే తెగి ఉండేది. మగ్గం పక్కనే నిలబడినవాడికి తెలిసేది కాదు.

మద్రాసులో మోటారు సామాన్లు అమ్మే ఆ వీధిలో ఆడమనిషి నేనొక్కతెనే. అంగళ్ళ ముందు సైలెన్సర్లు వరసగా వేలాడుతున్నాయి, సన్నవి, లావువి, కొనలో చేపతోక మాదిరి చీలినవి. మూడు అంగళ్ళలో నన్ను చూసి దారి తప్పి వచ్చిందనుకున్నారు. నాలుగో అంగట్లో పెద్దాయన, నుదుట విభూతి, "వాంగమ్మా, ఎన్న వేణుం?" అని ఏం కావాలో అడిగాడు. గోనెసంచి విప్పి ముందు పెట్టాను. అరవంలోనే చెప్పాను, ఇలాంటిది కావాలని.

"సారు రాలేదా?" అన్నాడు.

"సారు వస్తే ఈ జన్మకు తేలదు."

ఆయనకు నవ్వొచ్చింది. ఈ మాదిరి సైలెన్సరు ఇప్పుడు లేదు, దీనికి సరిపడేవి అయిదు రకాలున్నాయి, ఏ రకం కావాలని అడిగాడు. రకాల పేర్లు చెప్పాడు. నాకు ఒక్కటీ తలకెక్కలేదు. ఆయన అంగడి ముందు మా బండి లాంటిదే ఒకటి నిలబెట్టి ఉంది. సామాను సరిపోతుందో లేదో చూసుకోవడానికట.

"దీనికి ఒక్కొక్కటి బిగించి వినిపించండి" అన్నాను.

"అయిదూనా?"

"అయిదూ."

గొణుక్కున్నాడు గానీ పనివాడిని పిలిచాడు. మొదటిది బిగించారు. బండి స్టార్టు చేశారు. నేను స్టూలు మీద కూర్చుని విన్నాను. ఏమీ తెలియలేదు. అన్నీ మోతలే అనిపించింది. రెండోది కూడా అంతే. అప్పుడు నాకు తట్టింది. నేను ఆ బండిని ఎప్పుడూ పక్కన కూర్చుని వినలేదు. పొద్దున వెనక కూర్చున్నప్పుడు గాలీ మోతా కలిసిపోయి ఏదీ విడిగా తెలియదు. నేను విన్నదంతా సాయంత్రాలు, బడి గేటు దగ్గర నిలబడి, కల్వర్టు మలుపు అవతల నుంచి వస్తుంటే. ఎనిమిదేళ్ళు. లారీలు పోయేవి, బస్సులు పోయేవి, వేరే బండ్లు పోయేవి. వాటికి తల ఎత్తేదాన్ని కాదు. ఈ సద్దు మలుపు తిరగకముందే సంచి భుజానికి వేసుకునేదాన్ని.

లేచి ఆ వీధి చివరకు పోయాను. మలుపులో ఒక ఇడ్లీ బండి ఉంది. దాని అవతల నిలబడి, ఇప్పుడు స్టార్టు చేయమని చెయ్యూపాను. పెద్దాయన చేతులు నడుం మీద పెట్టుకుని నావైపు చూస్తున్నాడు. మూడోది గొంతు పట్టేసినట్టుంది. నాలుగోది బాగుంది, కానీ ఇంకెవరిదో. మళ్ళీ నడిచి వచ్చి, కాదని చెప్పి, మళ్ళీ వీధి చివరకు పోయాను. నా కాలు సలపడం మొదలుపెట్టింది. అయిదోది స్టార్టు చేసినప్పుడు నా చెయ్యి దానంతటదే భుజం మీది సంచి సర్దుకుంది.

అచ్చం అదే అని చెప్పను. ఒక వాసి పొడిగా ఉంది. పాతదాంట్లో తుప్పు కూడా కలిసి పలికేదేమో. కానీ నా ఒంటికి తెలిసింది.

"ఇదే" అన్నాను.

పెద్దాయన దాన్ని కాగితం చుట్టి ఇస్తూ, "ముప్ఫై ఏండ్లుగా అమ్ముతున్నాను, ఇట్లా దూరం పోయి విన్నవాళ్ళు లేరు" అన్నాడు. పాతది అక్కడే వదిలేస్తానంటే తీసుకోనన్నాడు. రెండూ మోసుకుని బస్సెక్కాను.

మర్నాడు మేస్త్రీ దగ్గర ఆ చీల్చిన గొట్టం తీసేసి, మునుపటిలా ఒకటే గొట్టం పెట్టి దీన్ని బిగించారు. మేస్త్రీ అటూ ఇటూ తిప్పి చూసి, "మద్రాసు మాలు, ఏం చెప్పలేం" అన్నాడు. మా ఆయన ఎక్కి స్టార్టు చేశాడు. తల పక్కకు వంచి విన్నాడు. నాలుగు నెలలుగా ఆ వంపు చూసి చూసి నాకు విసుగెత్తి ఉంది.

"అదే మాదిరి లేదే. కొంచెం..."

"దిగండి" అన్నాను.

"ఏం?"

"మీరు దిగండి. మేస్త్రీ, నువ్వెక్కి ఆ చివరిదాకా పోయి రాప్పా."

మేస్త్రీ ఆయనవైపు చూశాడు. ఆయన దిగాడు. మేస్త్రీ బండి ఎక్కి సందు దాటి బస్టాండు వైపు తిరిగాడు, కనిపించకుండా పోయాడు. మేమిద్దరం అంగడి ముందు పక్కపక్కన నిలబడ్డాం. బస్సుల హారన్లు, సోడా సీసాల సద్దు, కొండకు పోయే జనం గోల. వాటిలోంచి, మలుపు అవతల నుంచి, నిదానంగా, అంచెలంచెలుగా మా బండి వస్తోంది.

ఆయన అటే చూస్తూ నిలబడిపోయాడు. ఎనిమిదేళ్ళుగా దాని మీద కూర్చున్న మనిషి, అది ఎదురొస్తుంటే ఎట్లా వినపడుతుందో ఎప్పుడూ వినలేదు. తన బండి తన దగ్గరికి రాదు కదా.

"ఇట్లుంటాదా?" అన్నాడు మెల్లగా.

"ఇట్లే ఉంటాది."

మేస్త్రీ వచ్చి ఆపాడు. ఆయన ఇంకోసారి పోయి రమ్మన్నాడు. ఇంకోసారి విన్నాడు. మూడోసారి కూడా అడగబోతే నేను బండి ఎక్కి కూర్చున్నాను.

ఇంత జరిగినాక, ఆ సోమవారం పల్లెల నుంచి వచ్చి ఆయన నాతో చెప్పిన మొదటి మాట, ముగ్గురు బయటికొచ్చి చెయ్యెత్తారని. సంతోషమే. రెండో మాట, "మద్రాసు నుంచి తెప్పించినా అని చెప్పినా వాళ్ళకు" అని. తెప్పించాడట. నా కాలి మచ్చ మీద పొక్కు ఇంకా ఎండలేదు. రెండు రోజులు నేను ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఎందుకో ఆయనకు తెలియలేదు. మూడో రోజు కాంపౌండరును అడిగినట్టున్నాడు. ఆ మనిషి ఏం చెప్పాడో గానీ, సాయంత్రం మల్లెపూలు తెచ్చి, "నువ్వు తెచ్చినావని చెప్పినా అందరికీ" అన్నాడు. అందరికీ చెప్పమని నేను అడగలేదు. ఆ మాట అంటే మళ్ళీ మొదటికి వస్తుందని ఊరుకున్నాను.

ఆ బండి ఇంకో పదకొండేళ్ళు మాతో ఉంది. సైలెన్సరు మళ్ళీ మార్చలేదు. సీటు గుడ్డ మార్చడానికి మాత్రం ఒక ఎండాకాలమంతా పట్టింది. అది వేరే సంగతి, దాంట్లో నేను తలదూర్చలేదు.

ఆయన అందరికీ చెప్పిన ఫలితం ఒకటి జరిగింది. ఒక ఆదివారం పొద్దున్నే చంద్రగిరి నుంచి ఒకాయన వచ్చాడు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం, మా బండి లాంటిదే ఉందట. వంటింటి వాకిట్లో నిలబడి, "అమ్మా, మీరు సైలెన్సరు బాగా ఎంచుతారని డాక్టరు సారు చెప్పినారు. నాకు ఏది పెట్టుకుంటే బాగుంటాది?" అన్నాడు. నేను పిండి రుబ్బుతున్నాను. మా ఆయన వెనక నిలబడి గర్వంగా చూస్తున్నాడు.

"నాకేం తెలుసు నాయనా నీ బండి సద్దు" అన్నాను. "మీ ఇంట్లో ఆమెను పిలుచుకొని రా. ఆమె చెప్తాది."

ఆయన అయోమయంగా మా ఆయనవైపు చూశాడు. ఆమెకు బండ్ల సంగతి తెలియదని, బండి అంటేనే గిట్టదని చెప్పాడు. అయినా సరే అన్నాను. కాఫీ తాగి, అట్లాగేనని చెప్పి పోయాడు. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు ఆ బండి అమ్మేసి స్కూటరు కొన్నాడని విన్నాం.